చెట్టు పాము అందం కంటికే.. చేతికి కాదు! కొమ్మ మీద బతికే పాముల స్వభావం తెలుసుకోండి

ఫోన్‌లో రీల్స్ చూస్తుంటే ఎప్పుడో ఒకసారి అది మీకు కనిపించే ఉంటుంది. పచ్చగా మెరిసే ఒక పాము. కొమ్మ మీద చుట్టలు చుట్టుకుని, తలను సరిగ్గా మధ్యలో పెట్టుకుని కదలకుండా పడుకుని ఉంటుంది. తర్వాతి సీన్‌లో ఒకాయన దాన్ని చేతికి చుట్టుకుని నవ్వుతుంటాడు. కింద కామెంట్లలో ఒకటే మాట: ‘భాయ్, ఇది ఎంత? ఎక్కడ దొరుకుతుంది?’

ఈ షౌక్ ఇప్పుడు మన వాళ్లలోనూ పెరుగుతోంది. అమెరికాలో చదువుకునే పిల్లలు, గల్ఫ్‌లో ఉద్యోగాలు చేసే యువకులు, ఇక్కడ హైదరాబాద్‌లో విదేశీ జంతువులపై మోజు పడ్డవాళ్లు, అందరూ అడిగేది ఒకటే. ఈ పాము సాధువా? పట్టుకుంటే కరుస్తుందా? ఇంట్లో పెట్టుకోవచ్చా?

చిన్న జవాబు ఏమిటంటే, చెట్టు మీద బతికే పాములు చూసి ఆనందించాల్సినవే తప్ప చేత్తో పట్టుకుని ఆడించాల్సినవి కావు. అవి కోపిష్టివి కాబట్టి అలా చెప్పడం లేదు. వాటి శరీరం, వాటి బతుకు అలా తయారయ్యాయి. ఆ తయారీ అర్థమైతే అవి ఎప్పుడు కరుస్తాయో, ఎందుకు కరుస్తాయో కూడా అర్థమవుతుంది. అర్థం కాకపోతే మనిషికి గాయం అవుతుంది, పాము ప్రాణానికే ముప్పు వస్తుంది.

ముందు ఈ పాములేమిటో చూద్దాం

పెంపుడు పాముల ప్రపంచంలో ‘చెట్టు పాము’ అంటే ముఖ్యంగా మూడు పేర్లు వినిపిస్తాయి.

మొదటిది గ్రీన్ ట్రీ పైథాన్. ఇది కొండచిలువ జాతి. న్యూగినియా ద్వీపం, దాని చుట్టుపక్కల ఇండోనేసియా దీవులు, ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఉన్న కేప్ యార్క్ ప్రాంతం దీని సొంత ఊరు. పెద్దది సాధారణంగా ఒకటిన్నర మీటర్ల పొడవు ఉంటుంది. విషం లేదు.

రెండోది ఎమరాల్డ్ ట్రీ బోవా. ఇది దక్షిణ అమెరికా అడవుల పాము. ఇదీ పచ్చగానే ఉంటుంది, వీపు మీద తెల్లటి మచ్చలుంటాయి. విషం లేదు కానీ ముందు పళ్లు చాలా పొడవు.

మూడోది అమెజాన్ ట్రీ బోవా. సన్నగా, తేలికగా ఉంటుంది. పసుపు, నారింజ, ఎరుపు, బూడిద.. ఇలా ఎన్నో రంగుల్లో దొరుకుతుంది. మూడింటిలో ఎక్కువగా కరిచేది ఇదే అని పెంచేవాళ్లలో పేరు.

మొదటి రెండు పాములను పక్కపక్కన పెడితే అన్నదమ్ములు అనుకుంటాం. కానీ చుట్టరికం చాలా దూరం. ఒకటి గుడ్లు పెడుతుంది, ఇంకోటి నేరుగా పిల్లల్ని కంటుంది. మధ్యలో ఒక మహాసముద్రమే ఉంది. అయినా రెండూ పచ్చగా మారాయి, రెండూ కొమ్మ మీద ఒకే రకంగా చుట్టుకుంటాయి, రెండింటి పిల్లలూ మొదట పచ్చగా ఉండవు, పసుపుగానో ఎర్రగానో ఉంటాయి. ఒకే రకం బతుకు ఒకే రకం శరీరాన్ని తయారు చేస్తుంది అనడానికి శాస్త్రవేత్తలు చెప్పే ఉదాహరణల్లో ఈ జంట ఒకటి. పోలిక రూపంతోనే ఆగిపోదు, స్వభావం కూడా దాదాపు ఒకటే.

అసలు ఎందుకు కరుస్తుంది?

నేల మీద తిరిగే పాముకు మనిషి ఎదురైతే పారిపోయే దారి ఉంటుంది. పుట్టలోకో, రాళ్ల సందులోకో దూరిపోతుంది. కొమ్మ మీద పాముకు ఆ సౌకర్యం తక్కువ. అది ఆ కొమ్మను తోకతో, నడుముతో గట్టిగా పట్టుకుని ఉంటుంది. అందుకే భయం వేస్తే పారిపోవడానికి ముందు నోటితోనే జవాబు చెబుతుంది.

రెండో కారణం ఆకలి. ఇవి వేట కోసం తిరిగే పాములు కావు, కాపు కాసే పాములు. రాత్రి పూట కొమ్మ మీద నుంచి తల కిందికి వేలాడదీసి, మెడను ఇంగ్లిష్ ఎస్ అక్షరంలా వంచి గంటల కొద్దీ అలాగే ఉంటాయి. ఎలుకలాంటిది కింద నుంచి పోతే ఒక్క దెబ్బ. గురి తప్పితే భోజనం పోయినట్టే. అందుకే కదిలిందల్లా ముందు నోటితో పట్టుకోవడం దానికి పుట్టుకతో వచ్చిన అలవాటు.

మూడోది వేడి. ఈ పాముల పెదవుల వెంట చిన్న చిన్న గుంటలుంటాయి. ఎదురుగా ఉన్న ప్రాణి ఒంటి వేడిని అవి చీకట్లో కూడా పసిగడతాయి. చీకటి గదిలో మీ చెయ్యి దానికి చెయ్యిలా కనిపించదు. వెచ్చగా, కదులుతూ దగ్గరికి వస్తున్న ఒక వస్తువు, అంతే. ఎలుక కూడా సరిగ్గా అలాగే కనిపిస్తుంది.

కాబట్టి ‘నా మీద పగబట్టింది’, ‘నేనంటే దానికి పడదు’ అనే మాటలకు అర్థం లేదు. అలాగే ‘నన్ను గుర్తుపడుతుంది, నేనంటే ప్రేమ’ అనే మాట కూడా నిజం కాదు. పాము కుక్కలా, పిల్లిలా మనిషి తోడును కోరుకోదు. బాగా పెరిగిన పాము మనిషి చేతిని భరిస్తుంది. ‘దీని వల్ల నాకు ప్రమాదం లేదు’ అని అలవాటు పడుతుంది. మనం ఆశించగలిగింది అంతవరకే.

స్వభావం దుకాణంలోనే తేలిపోతుంది

ఇద్దరు మిత్రులు ఒకే జాతి పాములు కొంటారు. ఒకరిది బుద్ధిగా ఉంటుంది, ఇంకొకరిది గూడు తలుపు తీస్తే చాలు మీదికి వస్తుంది. తేడా ఎక్కువసార్లు అవి పుట్టిన చోటులో ఉంటుంది.

మనుషుల దగ్గర గుడ్డులోంచి బయటికి వచ్చిన పాము చిన్నప్పటి నుంచి మనిషి అలికిడికి అలవాటు పడుతుంది. అడవిలో పట్టిన పాముకు మనిషి అంటే శత్రువే. సంచిలో కుక్కి, డబ్బాల్లో వేసి, తిండీ నీళ్లూ లేకుండా ఊళ్లు దాటించాక దాని ఒళ్లంతా పురుగులు, కడుపులో పరాన్నజీవులు. అలాంటి పాము కరుస్తుందంటే ఆశ్చర్యం ఏముంది?

మరి అడిగి కొంటే సరిపోతుందా? అక్కడే ఉంది చిక్కు. లయన్స్, నటుష్ అనే ఇద్దరు పరిశోధకులు 2009 నుంచి 2011 వరకు ఇండోనేసియాలో గ్రీన్ ట్రీ పైథాన్ల వ్యాపారాన్ని వెంటాడి చూశారు. అక్రమంగా పట్టిన 4,227 పాములు వాళ్ల లెక్కకు వచ్చాయి. ‘ఫారంలో పుట్టినవి’ అనే కాగితాలతో ఆ దేశం నుంచి ఎగుమతి అవుతున్న ఈ జాతి పాముల్లో కనీసం 80 శాతం నిజానికి అడవి నుంచి తెచ్చినవేనని వాళ్లు తేల్చారు. అంటే కాగితం ఒకటి చెబుతుంది, డబ్బాలో ఉన్నది వేరే.

చట్టం అనుమతించే దేశంలో ఉండి కొనాలనుకునేవారు పిల్ల పాము తల్లిదండ్రులను చూపించమని అడగాలి. పుట్టిన తేదీ, ఇప్పటివరకు తిన్న తిండి లెక్క, కుబుసం విడిచిన తేదీలు రాసి ఉన్నాయా అని చూడాలి. నిజంగా తన దగ్గరే పుట్టించిన మనిషి ఇవన్నీ సంతోషంగా చూపిస్తాడు. ‘చవకగా ఇస్తా, ప్రశ్నలు వద్దు’ అంటే అక్కడి నుంచి లేచి రావడమే మేలు.

పాము ఒంటి భాష ఇలా చదవండి

పాము మాట్లాడదు, చెవులు నిక్కించదు. అయినా అది ఏ స్థితిలో ఉందో ఒంటిని చూసి చెప్పొచ్చు.

*విశ్రాంతి:* పగలు కొమ్మకు రెండు పక్కలా సమంగా చుట్టలు వేసి, తల మధ్యలో ఆనించి ఉంటే అది నిద్రలో, విశ్రాంతిలో ఉన్నట్టు. దీన్ని కదిలించకపోవడమే మంచిది.

*వేట:* రాత్రి తల కిందికి వేలాడుతూ, మెడ వంకర తిరిగి ఉంటే అది కాపు కాస్తోంది. ఈ సమయంలో చెయ్యి లోపలికి పెట్టడం అంటే ఏరికోరి కరిపించుకోవడమే. కొన్ని పాములు, ముఖ్యంగా పిల్లలు, తోక చివరను పురుగులా మెల్లగా ఆడిస్తాయి. అది ఆట కాదు, బల్లి లాంటి వాటిని దగ్గరికి రప్పించే ఎర.

*భయం:* చుట్టలు బిగిసి, మెడ వెనక్కి లాగి, నోరు తెరిచి, బుస కొడితే అది ‘దూరం పో’ అంటోంది. అప్పుడు బలవంతం చేయొద్దు. తలుపు మూసి మరో రోజు చూడండి.

*తిరుగుడు:* నాలుక బయటపెడుతూ, నింపాదిగా కొమ్మల మీద నడుస్తూ, మెడ సూటిగా ఉంటే చుట్టూ ఏముందో చూసుకుంటోంది. బయటికి తీయాలంటే అన్నిటికన్నా అనువైన వేళ ఇదే.

కళ్లు పాలపొర కప్పినట్టు మసకబారితే కుబుసం విడిచే రోజులు దగ్గర పడ్డట్టు. అప్పుడు దానికి చూపు సరిగా ఆనదు, ప్రతిదానికీ ఉలిక్కిపడుతుంది. కుబుసం విడిచే దాకా ముట్టుకోవద్దు.

తప్పనిసరిగా తీయాల్సి వస్తే

గూడు శుభ్రం చేయాలి, బరువు చూడాలి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. ఇలాంటి పనులకు పామును బయటికి తీయక తప్పదు. అప్పుడు అనుభవం ఉన్నవాళ్లు పాటించే పద్ధతి ఇది.

ఒకటి, లైటు వేసి కొంచెంసేపు ఆగండి. చీకట్లో చెయ్యి పెట్టొద్దు. ఎలుకలను ముట్టుకున్న చేతులైతే సబ్బుతో కడుక్కోండి. వాసన వస్తే పాముకు అది తిండి పిలుపే.

రెండు, ముందు కొక్కెం కర్రతో దాని ఒంటి మధ్య భాగాన్ని మెల్లగా తాకండి. గుచ్చొద్దు, తట్టొద్దు. ‘ఇప్పుడు వస్తున్నది తిండి కాదు’ అని దానికి తెలియడమే ఈ తాకుడు ఉద్దేశం. ప్రతిసారీ ఇలాగే చేస్తే కొన్నాళ్లకు ఆ తాకుడుతోనే పాము వేట స్థితి నుంచి మామూలు స్థితికి వచ్చేస్తుంది.

మూడు, కొమ్మ నుంచి పామును పీకొద్దు. తప్పులన్నింటిలో ఇదే ఖతర్నాక్. చెట్టు పాము తోకతో కొమ్మను ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, మనం లాగితే అది వదలదు, దాని వెన్నెముక దెబ్బతింటుంది. పిల్ల పాముల్లో తోక వంకర పోవడానికి, మలద్వారం లోపలి భాగం బయటికి రావడానికి ఇలా లాగడమే కారణం కావచ్చు. తెలివైన పద్ధతి ఏమిటంటే, గూటిలో కొమ్మలను తీసి పెట్టుకునేలా అమర్చుకోవడం. అప్పుడు పామును తీయనవసరం లేదు. కొమ్మతో సహా బయటికి తెచ్చి, పని అయ్యాక కొమ్మతో సహా లోపల పెట్టేయొచ్చు.

నాలుగు, చేతిలోకి తీసుకోవాలంటే దాన్నే రానివ్వండి. ఒక చెయ్యి దాని ముందు కొమ్మలా పెట్టి, వెనక నుంచి కొక్కెంతో మెల్లగా ముందుకు పంపండి. మెడ పట్టుకోవద్దు. ఒంటి బరువు రెండు చోట్ల ఆనేలా చూడండి. ముఖానికి దూరంగా ఉంచండి. మెడలో వేసుకుని సెల్ఫీ దిగడం ధైర్యం కాదు, కళ్లకు తెచ్చుకునే ముప్పు.

ఐదు, ఐదు పది నిమిషాలకు మించి వద్దు. రోజూ వద్దు.

పిల్ల పాములను మొదటి ఏడాది వీలైనంతవరకు అసలు పట్టుకోకపోవడమే మంచిది. వాటి ఎముకలు సున్నితం. గ్రీన్ ట్రీ పైథాన్ పిల్లలు రంగు మారే వయసు కూడా అటూ ఇటూగా అదే. కేప్ యార్క్ అడవుల్లో జరిగిన అధ్యయనంలో ఈ పాములు దాదాపు 55 సెంటీమీటర్ల పొడవు వచ్చేసరికి పసుపు నుంచి పచ్చగా మారుతున్నట్టు గమనించారు. అప్పటిదాకా అడవి అంచున పగటి పూట బల్లులను వేటాడిన పిల్ల, పచ్చబడ్డాక పైనున్న ఆకుల్లోకి చేరి, రాత్రి వేటకు దిగుతుంది. అంటే రంగుతో పాటు దాని దినచర్య కూడా మారుతుంది.

తిండి పెట్టాక కనీసం నాలుగైదు రోజులు ముట్టుకోవద్దు. కడుపులో ఎలుకతో ఉన్న పామును కదిలిస్తే కక్కేస్తుంది, దాంతో నీరసించిపోతుంది. తిండి ఎప్పుడూ పొడవాటి పట్టకారుతోనే ఇవ్వాలి, వేళ్లతో కాదు.

కరిస్తే ఏం చేయాలి?

ఈ మూడు పాములకూ విషం లేదు కాబట్టి ప్రాణభయం లేదు. కానీ పళ్లు లోపలికి వంగి, సూదుల్లా ఉంటాయి. ఎమరాల్డ్ ట్రీ బోవా కాటు లోతుగా దిగుతుంది, రక్తం బాగానే వస్తుంది.

చెయ్యి వెనక్కి లాగొద్దు. లాగితే చర్మం చీరుకుపోతుంది, పాము పళ్లు విరిగి దాని నోరు పుండవుతుంది. పరేషాన్ కాకుండా ఆగండి. భయపడి కరిచిన పాము వెంటనే వదిలేస్తుంది. తిండి అనుకుని కరిచింది మాత్రం పట్టుకుని చుట్టేస్తుంది. అప్పుడు నోటి మీద చల్లటి నీళ్లు పోస్తే చాలాసార్లు వదులుతుంది. తర్వాత గాయాన్ని సబ్బు నీళ్లతో బాగా కడిగి, విరిగిన పన్ను ఏమైనా లోపల ఉండిపోయిందేమో చూసి, డాక్టర్‌ను కలవాలి. టెటనస్ ఇంజక్షన్ సంగతి అడగాలి.

కాటు ఒక్కటే కాదు, కంటికి కనిపించని ఇంకో ప్రమాదం సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా. ఆరోగ్యంగా ఉన్న పాము ఒంటి మీద, గూటిలో కూడా ఇది ఉండొచ్చు. అందుకే ఐదేళ్లలోపు పిల్లలు, 65 ఏళ్లు దాటినవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఉన్న ఇంట్లో సరీసృపాలను పెంచకపోవడమే మంచిదని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. అమ్మమ్మ, తాతయ్య, చంటిపిల్లలు అందరూ కలిసి ఉండే మన ఇళ్లకు ఈ మాట ముఖ్యం. పామును, గూటిని ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడుక్కోవాలి. గూటి సామాన్లు వంటింటి సింకులో కడగొద్దు.

గూడు బాగుంటేనే గుణం బాగుంటుంది

పాము చిరాకుగా ఉందంటే సగంసార్లు తప్పు గూటిదే. కూర్చోవడానికి సరైన కొమ్మ లేని చెట్టు పాము ఎప్పుడూ అభద్రతతో ఉంటుంది. దాని ఒంటి లావుకు సరిపడే అడ్డ కొమ్మలు రెండు మూడు, వేరువేరు ఎత్తుల్లో ఉండాలి. దాక్కోవడానికి ఆకులుండాలి, ప్లాస్టిక్ ఆకులైనా ఫరవాలేదు. పగలు ఒక చివర 30 డిగ్రీల దాకా వెచ్చదనం, మరో చివర 25, 26 డిగ్రీల చల్లదనం ఉంటే తనకు కావాల్సిన చోటికి అదే వెళ్తుంది.

రోజూ నీళ్లు చిలకరించాలి, కానీ మధ్యలో గూడు ఆరిపోవాలి. అడవిలో వాన కురుస్తుంది, గాలి వీస్తుంది, ఆరుతుంది. గాలి ఆడకుండా ఎప్పుడూ తడిగా ఉంచితే చర్మం పాడవుతుంది, ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. ఒంటి చుట్టల మీద నిలిచిన నీటి చుక్కలను పాము తాగడం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఈ పాము ఇచ్చే ఆనందం ఇలాంటిదే. చేత్తో ముట్టుకోకుండా దక్కే ఆనందం.

ఇంటి మధ్యలో, టీవీ పక్కన, పిల్లలు పరుగెత్తే హాల్లో గూడు పెట్టొద్దు. పాముకు శబ్దం కన్నా అదురు ఎక్కువ తెలుస్తుంది.

విషం లేదనుకుంటే పొరపాటు

చెట్టు పాములన్నీ విషం లేనివే అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. కొన్ని చెట్టు పాములకు విషపు కోరలు నోటి వెనక భాగంలో ఉంటాయి. వీటి కాటు పెద్ద ప్రమాదం కాదని నిపుణులు సైతం చాలాకాలం అనుకున్నారు.

1957 సెప్టెంబరులో అమెరికాలోని షికాగో నగరంలో కార్ల్ ష్మిట్ అనే ప్రసిద్ధ సరీసృప శాస్త్రవేత్తను ఆఫ్రికా చెట్టు పాము బూమ్‌స్లాంగ్ కరిచింది. అది పిల్ల పాము, ఒక్క కోర మాత్రమే బొటనవేలిలో దిగింది. ఆయన ఆసుపత్రికి వెళ్లలేదు. తన ఒంట్లో జరిగే మార్పులను కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నారు. మర్నాడే చనిపోయారు. ఆ విషం రక్తం గడ్డకట్టే శక్తిని దెబ్బతీస్తుంది. 1975లో జర్మనీకి చెందిన మరో పెద్ద శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టెన్స్ తాను పెంచుకుంటున్న ఆఫ్రికా ట్విగ్ స్నేక్‌కు తిండి పెడుతుండగా కాటు తిని ప్రాణం కోల్పోయారు. ఆ పాము కూడా చెట్టు మీద బతికేదే.

జీవితమంతా పాములతో గడిపిన వాళ్లకే అలా జరిగింది. మరి రీల్స్ చూసి నేర్చుకున్న వాళ్ల సంగతి? మన దేశంలో తయారయ్యే పాము విషం మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర ఈ నాలుగింటి కోసం. విదేశీ చెట్టు పాము విషానికి అది పనిచేయదు.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. దానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయ వ్యాపారంపై ఆంక్షలున్న విదేశీ జంతువులు కూడా అప్పటి నుంచి ఈ చట్టం పరిధిలో ఉన్నాయి. గ్రీన్ ట్రీ పైథాన్ ఆ జాబితాలోదే. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి జంతువు చేతికి వచ్చిన 30 రోజుల్లోపు పరివేష్ పోర్టల్‌లో నమోదుకు దరఖాస్తు చేసుకోవాలి. విదేశాల నుంచి తేవాలంటే ముందస్తు అనుమతులు, ఆరోగ్య పత్రాలు తప్పనిసరి. బ్యాంకాక్ నుంచి వచ్చే ప్రయాణికుల సూట్‌కేసుల్లో పాములు, బల్లులు పట్టుబడ్డాయన్న వార్తలు మనం తరచూ చూస్తూనే ఉన్నాం. ‘ఈ బ్యాగు కాస్త తీసుకెళ్లు, టికెట్ ఖర్చు మేం పెట్టుకుంటాం’ అనే మాటకు పడిపోతే కేసు పడేది బ్యాగు మోసినవాడి మీదే.

యూఏఈలో ప్రమాదకర జంతువులను సొంతంగా పెంచుకోవడాన్ని కట్టడి చేస్తూ 2016లోనే ఫెడరల్ చట్టం వచ్చింది. అక్కడ ఉద్యోగం చేసుకునేవారు అధికారులను అడగకుండా ఏ పామునూ ఇంటికి తేవద్దు. ఒక షౌక్ కోసం వీసాను, ఉద్యోగాన్ని పణంగా పెట్టడం తెలివైన పని కాదు.

అమెరికాలో రాష్ట్రానికో రూలు, ఊరికో రూలు. హవాయిలో అయితే ఏ పామునూ పెంచుకోవడానికి వీల్లేదు. అలాంటి కట్టడి ఎందుకు అవసరమో గువామ్ దీవి చరిత్ర చూస్తే అర్థమవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సరుకుల ఓడల్లో ఆ దీవికి చేరిన బ్రౌన్ ట్రీ స్నేక్ అనే చెట్టు పాము అక్కడి అడవి పక్షి జాతుల్లో చాలావాటిని తుడిచిపెట్టేసింది. పెంచలేక చెట్ల మీద వదిలేసిన పాము ఏం చేయగలదో ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

మన చెట్టు పాముల సంగతి

తెలుగు రాష్ట్రాల్లోనూ చెట్టు పాములున్నాయి. పచ్చగా, కొరడాలా సన్నగా, ముక్కు మొనదేలి ఉండేది పసిరిక పాము. దాని కంటిపాప అడ్డంగా గీతలా ఉంటుంది. అది కళ్లు పొడుస్తుందని చాలామంది భయం. అది ఉత్త మాట. దాని చూపంతా బల్లులు, తొండలు, చిన్న పక్షుల మీదే. వెనక కోరల్లో విషం ఉన్నా మనిషికి పెద్దగా హాని చేసేది కాదు. కానీ పచ్చగా కనిపించే ప్రతిదీ పసిరిక పాము కాదు. తూర్పు కనుమల్లో తిరిగే బాంబూ పిట్ వైపర్ కూడా పచ్చనిదే. దానికి విషం ఉంది.

కాబట్టి తోటలో కనిపిస్తే పట్టుకోవద్దు, కొట్టొద్దు. మన అడవి పాములను పట్టి ఇంట్లో పెట్టుకోవడం నేరం. దూరం నుంచి చూస్తే అదే పోతుంది. ఇంట్లోకి వస్తే అటవీ శాఖకు గానీ, హైదరాబాద్‌లో అయితే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ లాంటి శిక్షణ ఉన్న వాళ్లకు గానీ కబురు చేయండి.

చివరగా

పాము కొనాలనిపిస్తే ముందు మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్నలు నాలుగే. చట్టం ఒప్పుకుంటుందా? ఇంట్లో చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్నారా? పదిహేను, ఇరవై ఏళ్లు దాన్ని చూసుకునే ఓపిక ఉందా? చేత్తో పట్టుకోకుండా అద్దం అవతలి నుంచి చూస్తూ సంతోషపడగలరా?

నాలుగో ప్రశ్నకు ‘లేదు’ అని జవాబు వస్తే చెట్టు పాము మీకు తగదు. మీరూ దానికి తగరు. దాని అందమంతా కొమ్మ మీద ఉన్నప్పుడే. అక్కడి నుంచి లాగినప్పుడు దానికి భయం, మనకు గాయం.. అంతకు మించి ఎవరికీ దక్కేదేమీ లేదు.